ఒక్క మంచానికి సరిపోయే గొంతు

జ్యోతిరాణి గొంతు చెడిందన్న సంగతి ఆమెకంటే ముందు సౌండు పెట్టెల దగ్గర కూర్చున్నవాడికి తెలిసింది.

మెట్‌పల్లిలో ఒక పసుపు వ్యాపారి కూతురి పెళ్లి విందు. ఫంక్షన్ హాలు కిక్కిరిసి ఉంది. ఆమె పేరు మైకులో చెప్పగానే కుర్చీలు ఎక్కి ఈలలు వేశారు. రెండో పాటలో, పైకి లేవాల్సిన చోట గొంతు లేవలేదు. ఎండుటాకు మీద కాలు పడ్డట్టు చిన్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. జనం గమనించలేదు. సౌండు మనిషి మాత్రం తలెత్తి ఆమెను చూసి, మెల్లగా ఆమె మైకు తగ్గించి, రికార్డు చేసిన పాట పెంచాడు. మిగిలిన గంటసేపు జ్యోతిరాణి తన పాటకు తనే పెదవులు ఆడిస్తూ, నవ్వుతూ నిలబడింది.

అప్పటికి ఆమెకు ముప్పై ఒకటి. పదేళ్లుగా కరీంనగర్ చుట్టుపక్కల ఆమె పాట మోగని పెళ్లి బరాత్ లేదు, ఆమె పాట పెట్టని ఆటో లేదు.

గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు మొండయ్యకు, సత్తవ్వకు ఆమె ఒక్కతే సంతానం. కాలనీ చివర రేకుల కప్పు చర్చిలో ఆరేళ్లప్పటి నుంచి పాడింది. ఆమె గొంతు విని పక్క వీధివాళ్లు కూడా గుమ్మాల్లోకి వచ్చి నిలబడేవారు. సత్తవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ మొగుడు మొదటి షిఫ్టుకు బాయిలో దిగిన ప్రతి పొద్దూ వాకిలి ఊడుస్తూ తనే కట్టుకున్న ప్రార్థన ఒకటి పాడుకునేది.

"చీకట్ల దిగెటోని చెయ్యి ఇడువకు తండ్రీ,
ఎలుగుల కూసున్న నన్ను మరువకు తండ్రీ."

రాగం కూడా పెద్దగా ఏమీ లేదు. చీపురు ఊపుకు తగ్గట్టు పాడేది.

డిగ్రీ కాలేజీ ఉత్సవంలో జ్యోతిరాణి పాట విన్న విజయేందర్ ఆమెను కరీంనగర్ స్టూడియోకు పిలిపించాడు. అతనికి జానపద పాటల చానెల్ ఉంది. "జ్యోతిరాణి అంటే పొడుగైతది చెల్లే. రాణి అందాం. జనం నోట్ల నిలుస్తది" అన్నాడు. మరదలు బావను ఆటపట్టించే పాట మొదటిది. కోటిమంది చూశారు. రెండోది అంతకు మించి చూశారు. కరీంనగర్‌లో ఇల్లు వచ్చింది, కారు వచ్చింది, దుకాణాల ప్రారంభోత్సవాలకు రిబ్బను కత్తిరించే పిలుపులు వచ్చాయి. పొద్దున కళ్లు తెరవగానే ఫోను తీసి ఎంతమంది చూశారో చూసుకోవడం అలవాటైంది. అంతకు ముందు పాట కంటే తక్కువమంది చూస్తే ఆ రోజు అన్నం దిగేది కాదు. ఎక్కువమంది చూస్తే, మరుసటి పాటకు ఏమవుతుందోనన్న దిగులుతో దిగేది కాదు.

ఆదివారాలు షూటింగులకు పోయాయి. సత్తవ్వ ఫోను చేసేది.

"బిడ్డా, ఐతారం చర్చికి పోయినవా?"

"షూటింగ్ ఉండె అవ్వా."

"పోనీ, పొద్దుగాల లేషి ఒక్క మాటన్న ప్రార్థన జేసుకున్నవా?"

"ఆ, జేసుకున్న."

అది అబద్ధమని సత్తవ్వకు తెలుసు. "మంచిది బిడ్డా" అని ఫోను పెట్టేసేది.

సత్తవ్వకు గర్భసంచి క్యాన్సర్ అని తేలేసరికే రోగం ముదిరింది. కరీంనగర్‌లో ఆసుపత్రిలో పెట్టారు. జ్యోతిరాణి ఖరీదైన గది తీసుకుంది, పెద్ద డాక్టర్లతో మాట్లాడింది, వీలైనప్పుడల్లా వచ్చి మంచం పక్కన నిలబడింది. నిలబడిన కాసేపూ ఫోను మోగుతూనే ఉండేది. ఆ నెలలోనే ఆదిలాబాద్ అడవుల్లో ఒక పెద్ద పాట షూటింగు పడింది. రెండు రోజులే కదా అని వెళ్లింది.

మొదటి రోజు మధ్యాహ్నం, భోజనాల వేళ, తల్లి ఫోను చేసింది. గొంతు బాగా నీరసించి ఉంది.

"బిడ్డా, ఒక్కసారి నా పాట పాడు. నీ నోట ఇనాలనిపిస్తుంది."

జ్యోతిరాణి చుట్టూ చూసింది. కెమెరా మనిషి, డాన్సు నేర్పేవాడు, మేకప్ పిల్లలు, విజయేందర్, అందరూ విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు. వాకిలి ఊడుస్తూ పాడుకునే ఆ మోటు పాట, ఆ తండ్రీ తండ్రీ అనే మాట, వీళ్లందరి ముందు పాడాలంటే ఆమెకు సిగ్గేసింది.

"రేపు వస్త గదా అవ్వా. పక్కన కూసోని పాడుత."

"సరే బిడ్డా. పైలం" అంది సత్తవ్వ.

మర్నాడు జలపాతం దగ్గర షూటింగ్. అక్కడ ఫోనుకు సిగ్నల్ లేదు. సాయంత్రం రోడ్డు మీదికి వచ్చాక తండ్రి నుంచి పద్నాలుగు ఫోన్లు వచ్చినట్టు తెలిసింది. సత్తవ్వ పొద్దున్నే వెళ్లిపోయింది.

సమాధుల దగ్గర పాస్టరయ్య ఆమె వైపు చూసి, "తల్లీ, ఒక చరణం పాడుతవా?" అని అడిగాడు. ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఊపిరి మాత్రం వచ్చింది. సంఘంలోని ఆడవాళ్లు అందుకుని పాడారు. మట్టి వేస్తుండగా వెనక నుంచి ఎవరో అమ్మాయి ఆమె భుజం తట్టి, "రాణక్కా, ఒక్క సెల్ఫీ" అంది. ఆమె అలవాటు కొద్దీ తిరిగి, ఫోనులోకి చూసింది. ఆ తర్వాత చాలాకాలం, తల్లి చావు గుర్తొచ్చినప్పుడల్లా ముందు ఆ ఫోటోనే గుర్తొచ్చేది.

ఆ దుఃఖాన్ని ఆమె పనికింద తొక్కిపెట్టింది. రోజుకు రెండు ఊళ్లు. గొంతు బొంగురు పోతే ఇంజెక్షన్ చేయించుకుని వేదిక ఎక్కింది. రెండేళ్లు అలా నడిచాక మెట్‌పల్లి పెళ్లిలో గొంతు విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఏమీ దాచలేదు. "చాలా ఆలస్యం చేశావమ్మా. మాట వస్తుంది. పాట మీద ఆశ పెట్టుకోకు" అంది.

మాట వచ్చింది. గాలి కలిసిన, పొడి పొడి మాట. మూడడుగుల అవతలున్న మనిషికి వినిపించదు.

విజయేందర్ చెడ్డవాడేం కాదు. పండ్లు తెచ్చాడు, "రెస్టు తీసుకో, ఫికర్ జెయ్యకు" అన్నాడు. కానీ చానెల్ ఆగదు కదా. ఒకరోజు కరీంనగర్ బస్టాండు ముందు రోడ్డు దాటుతుంటే పక్కన ఆటోలో తన మొదటి పాట మోగింది. గొంతు తనది కాదు. హర్షిణి అనే ఇరవై ఏళ్ల పిల్లతో మళ్లీ పాడించారు. బాగానే పాడింది. ఆటోలో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లలు పాటతో పాటు గొంతు కలుపుతున్నారు. జ్యోతిరాణి రోడ్డు మధ్యలో నిలబడిపోయింది. ఎవరూ ఆమెను గుర్తుపట్టలేదు.

ఆ వారమే ఇల్లు అద్దెకిచ్చి గోదావరిఖనికి తండ్రి దగ్గరికి వచ్చేసింది.

మొండయ్య రిటైరై, ఊరి చివర రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. బొగ్గు దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని, నాలుగడుగులు వేస్తే ఆయాసపడేవాడు. అయినా ఆదివారం వస్తే తెల్లచొక్కా తొడిగేవాడు.

"నువ్వు గూడ రా బిడ్డా."

"నేను రాను బాపూ. పాడరాని దాన్ని. గాడ కూసోని ఏం జెయ్యాలె?"

మొండయ్య గుండీలు పెట్టుకోవడం ఆపి ఆమెను చూశాడు. "నాకు ఎన్నడన్న పాట వచ్చిందా? ముప్పై ఏండ్ల సంది పోతలేనా?"

ఆయన గోడ పట్టుకుని ఒక్కడే బయలుదేరాడు.

నవంబరులో చలి మొదలయ్యాక ఆయన ఇంకో మాట తెచ్చాడు. సత్తవ్వ తన పాత చీరలతో కుట్టిపెట్టిన బొంతలు ఆరు పెట్టెలో ఉన్నాయి. జన్నారం దాటాక ఉట్నూర్ పోయే దారిలో చిన్న మిషన్ ఆసుపత్రి ఉంది. వాటిని అక్కడ ఇవ్వాలి. ఒక్కడు పోలేడు.

"అవ్వకు గా ఆసుపత్రితోని ఏం పని?" అని అడిగింది జ్యోతిరాణి.

"ఏటా ఎండకాలం పది రోజులు పోతుండె గదా."

"చర్చి సభలకు అనుకున్న."

"సభలేడివి?" అన్నాడు మొండయ్య. "రోగమొచ్చినోళ్ల దగ్గర కూసోనీకి పోతుండె."

మంచిర్యాలలో బస్సు మారి, టేకు చెట్ల మధ్య నుంచి రెండున్నర గంటలు వెళ్లారు. ఆసుపత్రి వెనక ఎనిమిది మంచాల గది ఒకటి ఉంది. ఇక నయం కాదని తేలినవాళ్లను అక్కడ ఉంచుతారు. కోమల అనే నర్సు బొంతలు తీసుకుని, సత్తవ్వ కుట్టినవని తెలిసి, ఒక్క క్షణం వాటిని గుండెకు ఆనించుకుంది. మొండయ్య ఆయాసంతో వరండాలో కూలబడ్డాడు. "నువ్వే పరుచమ్మా మంచాల మీద" అని కోమల బొంతలు జ్యోతిరాణి చేతుల్లో పెట్టింది.

కిటికీ పక్క మంచం మీద గంగుబాయి అనే ముసలామె ఉంది. ఉట్నూర్ అవతల అడవి పల్లె ఆమెది. ఎండిన కొమ్మలా ఉంది. జ్యోతిరాణి బొంత కప్పుతుంటే ఆమె ముఖం పరీక్షగా చూసింది.

"నువ్వు సత్తవ్వ బిడ్డవా? ముక్కు గదే."

"అవును ఆయీ. మా అవ్వ నీకెట్ల ఎర్క?"

"నా కోడలు ఈ గదిలనే పానం ఇడిసింది. నాలుగేండ్లాయె. అప్పుడు సత్తవ్వ పక్కన కూసున్నది. ఏదో పాడుతుండె, దేవునిది. గా పాటకే పోరికి నిద్ర వట్టింది." ముసలామె నొప్పికి కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచింది. "నాకు నిద్ర వస్తలేదు బేటీ. జర పాడు."

"నా గొంతు పోయింది ఆయీ."

"నా చెవులు పోలే. దగ్గరికి రా."

జ్యోతిరాణి తలుపు వైపు చూసింది. పారిపోవాలనిపించింది. అడవిలో షూటింగు వాళ్ల ముందు సిగ్గుపడి మింగేసిన పాట అది. ఆమె నేల మీద మోకాళ్లు ఆనించి, ముసలామె చెవి దగ్గరికి వంగి, తల్లి మాటలు మొదలుపెట్టింది. ఒక్కో మాట తర్వాత గాలి అయిపోయేది. రాగం ఎక్కడికక్కడ తెగేది. ఆ గొంతు పక్క మంచం దాకా కూడా పోలేదు. ఈ మంచానికి సరిపోయింది. నాలుగోసారి పాడేసరికి ఆమె మణికట్టును బిగించి పట్టుకున్న గంగుబాయి వేళ్లు వదులయ్యాయి. ముసలామె నిద్రపోయింది.

జ్యోతిరాణి బయటికి వెళ్లి, నల్లా దగ్గర నేల మీద కూర్చుని, తల్లి చనిపోయిన రోజు రాని ఏడుపంతా ఏడ్చింది. "తండ్రీ, పరాయి మనిషికి పాడిన. కన్నతల్లికి పాడలే" అంది. చాలా ఏళ్ల తర్వాత ఆమె చేసిన మొదటి నిజమైన ప్రార్థన అది. జవాబేమీ వినిపించలేదు. కానీ ఎవరో తన మాట చివరిదాకా విన్నారని మాత్రం ఆమెకు అనిపించింది.

తర్వాతి ఆదివారం తండ్రి చెయ్యి పట్టుకుని చర్చికి వెళ్లి చివరి వరుసలో చాప మీద కూర్చుంది. చిన్నప్పటి నుంచి ముందు నిలబడి పాడటమే తప్ప, ఆ సంఘం పాట ఆమె ఎప్పుడూ వినలేదు. ఒకరి శ్రుతి ఒకరికి కలవదు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినవాళ్లు సగం నిద్రలో పాడుతున్నారు. ఒక విధవరాలు అందరికంటే ఒక మాట వెనకబడి పాడుతోంది. ఎవరూ ఎవరికోసమూ పాడటం లేదు. ఆమె తల వంచుకుని విన్నది. కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు.

ఆ తర్వాత సోమవారం బస్సెక్కి ఆసుపత్రికి పోవడం, గురువారం తిరిగి రావడం అలవాటైంది. తలలు దువ్వింది, పక్కబట్టలు మార్చింది, నీళ్లు తాగించింది, అడిగినవాళ్ల చెవిలో ప్రార్థన చేసింది. గంగుబాయి ఒకరోజు, "మీ దేవుడు నా అసొంటోళ్ల దగ్గర కూసుంటడా?" అని అడిగింది. "మా అవ్వను కూసోమని పంపింది ఆయననే ఆయీ" అంది జ్యోతిరాణి. గంగుబాయి ఆలోచించి, "అయితే మంచోడే" అంది. ఆ మొదటి పాట తర్వాత పదకొండో రోజు మధ్యాహ్నం, కొడుకులిద్దరూ కాళ్ల దగ్గర కూర్చుని ఉండగా ముసలామె కన్నుమూసింది. జ్యోతిరాణి సొంత మనిషి పోయినట్టు ఏడ్చింది. ఆ గదిలో పనిచేయడమంటే ప్రతిసారీ అలా ఏడవడమేనని కోమల చెప్పింది. అలవాటు కాదా అని అడిగితే, "కావద్దు" అంది.

ఏడాది తర్వాత విజయేందర్ వెతుక్కుంటూ ఆసుపత్రికి వచ్చాడు. "ఇప్పుడు కంప్యూటర్ల గొంతు సరిజేస్తున్నరు చెల్లే. నీ పాత గొంతు పెట్టి కొత్త పాట జేద్దాం. నీ కథ గూడ జెప్తే జనం ఇంటింటికి ఏడుస్తరు" అన్నాడు.

"వద్దన్నా."

"ఎందుకు? గింత పేరు సంపాదించినవు. ఇక్కడేమున్నది?"

ఆమె గదిలోకి చూపించింది. అతను గుమ్మం దాకా వచ్చి, ఒక మంచాన్ని చూసి, ముక్కుకు రుమాలు పెట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి నిజంగానే అడిగాడు, "సంతోషంగున్నవా రాణీ?"

"సంతోషమంటే నాకు తెల్వదన్నా. దినాం ఏడుపొస్తది. అవ్వ యాదికొస్తది, నా పాట యాదికొస్తది. పాట కోసం ఇప్పటికీ పానం గుంజుతది." ఆమె గాలి కోసం ఆగింది. "కని అప్పుడు లోపల ఖాళీగ ఉండె. ఎంతమంది ఇన్నా నిండకపోతుండె. ఇప్పుడు దేవుని ముంగట కూసుంటే నిండుతది. నిండినంక గూడ ఏడుపొస్తది, అది వేరే."

అతనికి అర్థమైందో లేదో. పోయేముందు చెప్పులు విడిచి, గుమ్మంలోంచే లోపలివాళ్లందరికీ దండం పెట్టి వెళ్లాడు.

ఆ చలికాలంలోనే మొండయ్య ఊపిరి పూర్తిగా కుదించుకుపోయింది. పెద్దపల్లి పోదామా, కరీంనగర్ పోదామా అని ఆమె అడిగితే తల అడ్డంగా ఊపాడు. "నువ్వు కూసునే కాడికే తీస్కపో" అన్నాడు. మూడో మంచం మీద, సత్తవ్వ కుట్టిన బొంతే కప్పారు. ముక్కుకు గొట్టం పెట్టారు. ఒక మధ్యాహ్నం ఆయన కాస్త తేరుకున్నప్పుడు, మూడేళ్లకు పైగా ఎవరితోనూ చెప్పనిది ఆమె చెప్పేసింది.

"బాపూ, అవ్వ ఆఖరి దినం ముందు నన్ను పాడుమన్నది. నేను పాడలే. పని ఉండి కాదు. నలుగుర్ల సిగ్గుపడ్డ."

మొండయ్య చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. "మీ అవ్వకు ఎర్కే."

"ఎర్కనా? ఏమన్నది?"

"ఏమనలే. ఫోను పక్కకు వెట్టి, కండ్లు మూసుకోని, నీ పేరు జెప్పి ప్రార్థన జేసింది. నీ పేరు జెప్పుకుంటనే నిద్రవోయింది."

జ్యోతిరాణి తండ్రి అరచేతిలో ముఖం దాచుకుంది. బొగ్గు పట్టి గరుకెక్కిన ఆ చెయ్యి ఆమె తల మీదికి ఎక్కడానికి ప్రయత్నించి, చెవి దగ్గరే ఆగింది.

మూడు రోజులకు ఆయన వెళ్లిపోయాడు. గోదావరిఖనిలో సత్తవ్వ పక్కనే మట్టి చేశారు. పాత స్నేహితులు, బాయిలో కలిసి దిగినవాళ్లు, దగ్గుతూ వచ్చి తలా ఒక పిడికెడు మట్టి వేశారు. సంఘం పాడుతుంటే జ్యోతిరాణి ఏడుస్తూ నిలబడింది. ఆమెకు ఇప్పుడు లోకంలో సొంతవాళ్లంటూ ఎవరూ లేరు. ఇంటికి వచ్చి, తండ్రి తెల్లచొక్కా ఉతికి తీగ మీద ఆరేసి, అది ఆరేదాకా వాకిట్లోనే కూర్చుంది. "దేవా, నువ్వే మిగిలినవు" అంది. ఆ మాటలో దుఃఖం ఎంత ఉందో, ఆసరా అంత ఉంది.

సోమవారం మళ్లీ బస్సెక్కింది. కిటికీ పక్క మంచం మీదికి కొత్తగా ఒకామె వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, బళ్లో టీచరట. ఎవరితోనూ మాట్లాడటం లేదని, రెండు రోజులుగా గోడవైపే తిరిగి పడుకుందని కోమల చెప్పింది. జ్యోతిరాణి స్టూలును మంచానికి ఆనుకునేలా జరిపి కూర్చుంది. "వందనాలమ్మా" అంది, వినిపించేంత దగ్గరగా వంగి. ఆమె తిరగలేదు. జ్యోతిరాణి తొందరపడలేదు. పొద్దు తిరిగేదాకా అక్కడే ఉంది.